అధ్యక్ష చర్చకు మా మంచం

ప్రజాస్వామ్యం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల గురించి పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. మంచం ఇచ్చినవాళ్ల గురించి మాత్రం ఎవరూ రాయలేదు. ఆ లోటు తీర్చడానికే ఇది రాస్తున్నాను.

పెళ్లయిన కొత్తలో నేనూ ఉదయ్ విశాఖపట్నంలో నీలగంధి రెసిడెన్సీ అనే అపార్ట్‌మెంటులో అయిదో అంతస్తులో కాపురం పెట్టాం. అదే ఆఖరి అంతస్తు. ఆపైన డాబాయే. పడగ్గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని ఇంటి ఓనరు చెప్పాడు. అబద్ధం కాదు. ఎదురుగా ఉన్న రెండు బిల్డింగుల మధ్య చీర అంచంత నీలం కనిపిస్తుంది. పొద్దున్నే కాఫీ గ్లాసులతో ఆ అంచు ముందు నిలబడి, "ఇవాళ అలలు కాస్త ఎక్కువగా ఉన్నట్టున్నాయి" అని చెప్పుకునేవాళ్లం. అలలు కనిపించవు. అయినా చెప్పుకోవడం బాగుండేది.

మేమిద్దరం కలిసి కొన్న మొదటి వస్తువు మంచం. ఊళ్లో ఉన్న ఫర్నిచర్ షాపులన్నీ తిరిగాం. ప్రతి షాపులోనూ ఉదయ్ చెప్పులు విప్పి మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకునేవాడు. నేను రెండో పక్క కూర్చుని మెల్లగా ఊగి, కిర్రుమంటుందేమో వినేదాన్ని. సేల్స్‌మన్ మొహం తిప్పుకునేవాడు. చివరికి ఎంత ఊగినా కిక్కురుమనని టేకు మంచం ఒకటి దొరికింది. తలవైపు పలక మీద రెండు చిన్న హంసలు చెక్కి ఉన్నాయి. ఒకటి రెండోదానితో ఏదో చెబుతున్నట్టు, రెండోది వినిపించుకోనట్టు ఉంటుంది. "నువ్వూ నేనూ" అన్నాడు ఉదయ్. ఏది ఎవరో చెప్పలేదు.

మంచం విడిభాగాలుగా ట్రాలీ ఆటోలో వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ అప్పలస్వామి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"పైకి ఒల్లకాదమ్మా. రూలుంది."

లిఫ్టు పక్కన గోడ మీద ఫ్రేము కట్టిన కాగితం చూపించాడు. 'కింది నుంచి పైకి వెళ్లు ప్రతి పెద్ద సామానుకూ అసోసియేషన్ అధ్యక్షుల వారి సంతకం ఉండవలెను.' ఎప్పుడో ఎవరిదో బీరువా మెట్ల గోడకు కొత్తగా వేసిన రంగును గీరేసిందట. అప్పటి నుంచీ ఈ నియమం.

"సరే, అధ్యక్షులవారు ఏ ఫ్లాట్లో ఉంటారు?"

"లేరమ్మా."

"ఊరెళ్లారా?"

"ఊరెళ్లడం కాదమ్మా. ఇంకా పుట్లేదు."

విషయం ఏమిటంటే, నీలగంధిలో అధ్యక్ష ఎన్నికకు ముందు ఇద్దరు అభ్యర్థులూ డాబా మీద అందరి ఎదుటా కూర్చుని చర్చించాలి. ఏదో పెద్ద దేశంలో అలా చేస్తారని టీవీలో చూసి మొదలుపెట్టారు. కిందటిసారి షిప్పింగు కంపెనీలో రిటైరైన సింహాచలంనాయుడు గారు, బీమా ఏజెంటు గున్నేశ్వరరావు గారు పోటీపడ్డారు. నాయుడు గారు భారీ మనిషి, మీసం కూడా భారీదే. గున్నేశ్వరరావు గారు అగరొత్తులా ఉంటారు, మీసం లేదు. చర్చయింది, ఓట్లయ్యాయి, నాయుడు గారు గెలిచారు. గెలిచి లడ్డూలు పంచుతుండగా గున్నేశ్వరరావు గారి భార్య సత్యవేణి గారు ఒక ఫోటో బయటపెట్టారు. అందులో నాయుడు గారి కుర్చీ, గున్నేశ్వరరావు గారి కుర్చీ కన్నా నాలుగు వేళ్లు ఎత్తుగా ఉంది.

"ఎత్తు మీద కూర్చున్నవాడి మాట ఎవరైనా వింటారండీ," అన్నారావిడ. "మా ఆయన్ని గోతిలో కూర్చోబెట్టి గెలిచారు!"

ఎన్నిక రద్దయింది. లడ్డూలు మాత్రం అప్పటికే అయిపోయాయి. ఇలాంటి అన్యాయం మళ్లీ జరగకుండా 'అధ్యక్ష చర్చా సంస్కరణల సంఘం' వెలిసింది. దాని చైర్మన్ పేరిశాస్త్రి గారు. ఏదో ప్రభుత్వ శాఖలో జాయింట్ డైరెక్టరుగా రిటైరయ్యారు. ఏ శాఖ అని అడిగితే "అనేక శాఖలతో సమన్వయం చేశాను" అంటారు. సభ్యుడు కామరాజు గారు రిటైర్డ్ ఇంజినీరు. ఆయన చేతిలో ఎప్పుడూ రసమట్టం ఉంటుంది. మేస్త్రీలు గోడ వాలిందో లేదో చూసుకునే, మధ్యలో గాలిబుడగ ఉండే ఆ పట్టీతో ఆయన అందరి గుమ్మాలూ, గట్లూ, ఒకసారి మా ఇంట్లో ఇచ్చిన కాఫీ గ్లాసు కూడా పరీక్షించారు.

సంస్కరణలు పూర్తయ్యేదాకా చర్చ లేదు. చర్చ అయ్యేదాకా ఎన్నిక లేదు. ఎన్నిక అయ్యేదాకా సంతకం లేదు. సంతకం అయ్యేదాకా మా మంచం సెల్లార్లో, వాడని సైకిళ్ల పక్కన, గోడకి చేరబడి ఉంది. మేం చాప మీద పడుకున్నాం.

చాప మొదట్లో సరదాగానే ఉంది. పిక్నిక్‌లా ఉందన్నాను. కొన్నాళ్లకి ఉదయ్ నిద్ర లేచి నిలబడడానికి నా చెయ్యి అడిగేవాడు, నేను అతని భుజం అడిగేదాన్ని. ఒకరినొకరు లేపుకునే ప్రయత్నంలో ఇద్దరం మళ్లీ చాప మీద పడేవాళ్లం. ఆఫీసుకు ఆలస్యమయ్యేది.

ఒకరోజు తెగించాం. మంచం పక్క చెక్కని దుప్పట్లో చుట్టి ఉదయ్ భుజాన వేసుకున్నాడు. నేను వెనక నడిచాను. రెండో అంతస్తు మలుపులో పేరిశాస్త్రి గారు, కామరాజు గారు ఎదురయ్యారు.

"ఏమిటిది?"

"తంబురా సర్," అన్నాడు ఉదయ్. "మా కిన్నెర సంగీతం నేర్చుకుంటోంది."

"శుభం. ఏదమ్మా, ఒకసారి శ్రుతి చెయ్యి."

నేను దుప్పటి మీద వేళ్లాడిస్తూ "సా..." అన్నాను. నా జీవితంలో అంత నిండుగా ఎప్పుడూ పాడలేదు. పేరిశాస్త్రి గారు కళ్లు మూసుకుని తలూపారు కూడా. కానీ కామరాజు గారు అలవాటు కొద్దీ దుప్పటి మీద రసమట్టం పెట్టారు.

"సార్," అన్నారు. "ఇంత సాపుగా ఉన్న తంబురా ఉండదు."

మంచం చెక్క తిరిగి సెల్లార్‌కి వెళ్లింది. ఉదయ్ చేత క్షమాపణ చెప్పించారు. నా గొంతు బాగుందని పేరిశాస్త్రి గారు విడిగా చెప్పారు.

ఈలోగా సంస్కరణలు చురుగ్గా సాగాయి. ఒక్కోటి తీర్మానం కావడం, లిఫ్టులో కాగితం అంటించడం, మేం పైకీ కిందకీ వెళ్తూ చదువుకోవడం. మొదటిది మైకు గురించి. ఒకే మైకు పెడితే ముందు మాట్లాడినవాడికి లాభం. రెండు పెడితే ఒకదాని గొంతు బాగుండొచ్చు. కాబట్టి మైకు లేదు. ముందూ వెనకా అనే తేడా రాకుండా ఇద్దరూ ఒకేసారి మాట్లాడాలి. ఒకేసారి మాట్లాడితే ఏమీ వినపడదు కాబట్టి ఇద్దరూ ఒకే మాట మాట్లాడాలి. ఆ మాటను సంఘమే రాసి ఇస్తుంది.

దీని మీద సర్వసభ్య సమావేశంలో నాయుడు గారు లేచారు. "అలగైతే నా అభిప్రాయం ఎప్పుడు సెప్పాలండి?"

"అభిప్రాయాలే కదా నాయుడు గారూ, అసమానతలకు మూలం," అన్నారు పేరిశాస్త్రి గారు ఓపిగ్గా. "మీకు మంచి అభిప్రాయం ఉండి, ఎదుటి అభ్యర్థికి లేకపోతే? అది వారి తప్పా?"

"నాకూ ఉందండీ అభిప్రాయం!" అన్నారు గున్నేశ్వరరావు గారు.

"ఉందనే అనుకుందాం. ఇద్దరివీ సమానమని ధ్రువీకరించే యంత్రం సంఘం దగ్గర లేదు."

తరువాత చప్పట్లు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పడకుండా అంతస్తులవారీగా కేటాయించారు. మా అంతస్తుకు మధ్యరకం చప్పట్లు వచ్చాయి. ఆదివారాలు రిహార్సల్. మూడో అంతస్తులో ఒకాయన ఉత్సాహం కొద్దీ గట్టిగా కొడితే ఆయన్ని వెనక వరసలోకి మార్చి, చేతులకు గుడ్డ గ్లవుజులు ఇచ్చారు. నవ్వును పూర్తిగా నిషేధించారు. నవ్వు ఎవరి వల్ల వచ్చిందో తేల్చడం కష్టం కనక.

అంతా బాగానే ఉంది గానీ కుర్చీల దగ్గర పని ఆగిపోయింది. అసలు గొడవ పుట్టిందే అక్కడ. కామరాజు గారు అపార్ట్‌మెంటులోని కుర్చీలన్నీ డాబా మీదకి తెప్పించి కొలిచారు. ఒకే షాపులో, ఒకే రోజు కొన్న ప్లాస్టిక్ కుర్చీలు కూడా ఒకదానికొకటి సమానం కాదు. ఒకదాని మీద ఎవరో లావుపాటి బంధువు కూర్చుని ఉంటాడు, ఇంకోదాని కాలు ఎండకి వంగి ఉంటుంది. కింద ఇటుక పెట్టారు. ఇటుకలూ సమానం కాదని తేలింది. పేరిశాస్త్రి గారు కుర్చీల గుంపు మధ్య నిలబడి, "ఈ ప్రపంచంలో సమానమైన ఆసనాలు రెండు లేవా?" అని ఆకాశాన్ని అడిగారు. ఆ పూట ఆయన్ని చూస్తే నిజంగా జాలేసింది.

నాకు జాలి ఎక్కువ. అదే కొంప ముంచింది.

"సర్, రెండు ఎందుకు?" అన్నాను. "ఒకటే ఆసనం మీద ఇద్దరూ కూర్చుంటే?"

కామరాజు గారు నెమ్మదిగా నా వైపు తిరిగారు. ఆయన కళ్లు నా మీద లేవు. నా వెనక, మెట్ల కిందుగా, సెల్లార్ దాకా ఏదో చూస్తున్నాయి.

"సార్," అన్నారు. "డబుల్ కాట్."

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. 'ఫ్లాట్ నంబరు 504 వారి మంచమును ప్రజాప్రయోజనార్థం చర్చా వేదికగా తాత్కాలికంగా స్వాధీనపరచుకొనడమైనది. చర్చా సామగ్రి సంఘం పరిధిలోనిది కావున దీనికి అధ్యక్షుల సంతకం అవసరం లేదు.'

నేను పరుగెత్తుకుంటూ వెళ్లి పేరిశాస్త్రి గారి తలుపు కొట్టాను. "సర్, మేం ఇంతవరకు దాని మీద ఒక్కసారి కూడా..." అని ఆగిపోయాను.

"ఒక్కసారి కూడా?"

"కూర్చోలేదు సర్."

"మరీ మంచిది. నిష్పాక్షికమైన మంచం," అన్నారాయన.

ఉదయ్ మాత్రం అంత బాధపడలేదు. "చర్చయితే ఎన్నికవుతుంది. ఎన్నికయితే సంతకం. ఇచ్చేద్దాం కిన్నెరా. దేశసేవ." బోల్టుల సంచీ నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. దాన్ని అప్పగించే ముందు బోల్టులు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

సెల్లార్లో మంచం బిగించి రిహార్సల్ పెట్టారు. నాయుడు గారు ఒక పక్క, గున్నేశ్వరరావు గారు ఒక పక్క కూర్చున్నారు. గున్నేశ్వరరావు గారు వెంటనే లేచారు.

"చెక్క గుచ్చుకుంటోందండీ. ఆయనకైతే సొంత పరుపుంది. నాకెక్కడుంది?"

న్యాయమైన అభ్యంతరమే. మా కొత్త పరుపు తెప్పించారు. దాని ప్లాస్టిక్ కవరు కూడా మేం ఇంకా విప్పలేదు. చాలా మెత్తటి పరుపు. నాయుడు గారు కూర్చోగానే ఆ పక్క బావిలా దిగింది. గున్నేశ్వరరావు గారు ఈ పక్కనుంచి దొర్లుకుంటూ వెళ్లి ఆయన ఒళ్లో పడ్డారు.

"లేవండి సార్," అన్నారు నాయుడు గారు.

"లేస్తేగా! జారుతోంది."

"ఎత్తులో తేడా వచ్చింది," అన్నారు కామరాజు గారు విషాదంగా.

అందరూ తలలు పట్టుకున్నారు. అప్పుడు పేరిశాస్త్రి గారికి ఆ మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఆయన చూపుడు వేలు గాల్లోకి లేవడం నేను కళ్లారా చూశాను.

"నిలబడితే పొడుగూ పొట్టీ తేడా. కూర్చుంటే లావూ సన్నం తేడా. పడుకుంటే?"

ఇద్దర్నీ పడుకోబెట్టారు. నాయుడు గారి నుదుటి మీద నుంచి గున్నేశ్వరరావు గారి నుదుటి మీదకి ఒక స్కేలు వేసి, దాని మీద రసమట్టం పెట్టారు. గున్నేశ్వరరావు గారి తల కింద మా దిండు సర్దారు. గాలిబుడగ అటూ ఇటూ ఊగి, ఊగి, సరిగ్గా నడిమికి వచ్చి ఆగింది. సెల్లార్ దద్దరిల్లేలా చప్పట్లు పడ్డాయి. కామరాజు గారు కళ్లు తుడుచుకున్నారు.

సత్యవేణి గారు మాత్రం ముక్కు మీద వేలేసుకున్నారు. "నుదురు సరే. ఆయన పొట్ట మా ఆయన పొట్టకన్నా ఎత్తుగా లేదూ? దూరం నుంచి చూసేవాళ్లకి ఏది ముందు కనపడుతుంది?"

గున్నేశ్వరరావు గారి పొట్ట మీద మా రెండో దిండు పెట్టి, ఇద్దరి మీదా మా నెమళ్ల దుప్పటి కప్పారు. అది మా పిన్ని పెళ్లికి ఇచ్చింది. ఇంకా మడత విప్పలేదు.

"మీసం?" అన్నారు సత్యవేణి గారు.

"మీసం జోలికి రాకండి," అన్నారు నాయుడు గారు దుప్పటి కిందనుంచి. "తీయమంటే పోటీయే మానేస్తాను. మా తాత దగ్గర్నుంచీ ఉంది."

"గున్నేశ్వరరావు గారు పెంచుకోవచ్చుగా?" అని ఎవరో అన్నారు.

"ఎన్నికలు వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవాలి," అన్నారు గున్నేశ్వరరావు గారు నిజాయితీగా. "నాకు త్వరగా రాదండీ."

చాప మీద ఇంకో ఏడాది. ఏడాది! ఉదయ్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అతనే గొంతు సవరించుకుని, "లైట్లు ఆర్పేస్తే మీసం కనపడదు కదండీ," అన్నాడు. పేరిశాస్త్రి గారు ఉదయ్‌ని ఎగాదిగా చూసి, "కుర్రాడిలో పరిపాలనా దక్షత ఉంది," అన్నారు.

అలా ఆదివారం పొద్దు గూకే వేళ, దీపాలు లేకుండా, చర్చ ఖాయమైంది.

మంచాన్ని మళ్లీ విడదీసి మెట్ల మీదుగా డాబాకి మోసుకెళ్లారు. హంసల పలక మా 504 గుమ్మం ముందు నుంచి వెళ్తుంటే నేను తలుపు తీసి నిలబడ్డాను. ఒక్క అడుగు పక్కకి వేస్తే మా ఇల్లు. వేయలేదు. పైకి వెళ్లిపోయింది. ఉదయ్ దాని వెనక మా పరుపు నెత్తిన పెట్టుకుని వెళ్తూ, "మన మంచం మన గడప ముందు నుంచి ఊరేగింపుగా వెళ్తోంది చూడు," అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండింటికీ సమాన అవకాశం ఇచ్చాను.

ఆదివారం డాబా నిండిపోయింది. సముద్రం వైపు నుంచి గాలి. అక్కడ నుంచి చీర అంచు కాదు, మొత్తం చీర కనిపిస్తోంది. జనం నేల మీద కూర్చున్నారు. మధ్యలో మా మంచం. దాని మీద తెల్ల చొక్కాల్లో అభ్యర్థులిద్దరూ మెడ దాకా నెమళ్ల దుప్పటి కప్పుకుని వెల్లకిలా పడుకున్నారు. కామరాజు గారు ఆఖరిసారి నుదుళ్లు సరిచూసి చేత్తో సైగ చేశారు. లైట్లు ఆరిపోయాయి.

"మొదటి ప్రశ్న," అన్నారు పేరిశాస్త్రి గారు గంభీరంగా. "పార్కింగు సమస్యపై మీ వైఖరి ఏమిటి?"

ఇద్దరూ ఒకే గొంతుతో అప్పజెప్పారు. "అన్ని కోణాలనూ పరిశీలించి, అందరినీ కలుపుకుని, తగిన సమయంలో తగిన చర్య తీసుకుంటాను."

చప్పట్లు. మా అంతస్తు మధ్యరకంగా కొట్టింది.

"రెండవ ప్రశ్న. నీటి సరఫరా?"

"అన్ని కోణాలనూ పరిశీలించి, అందరినీ కలుపుకుని..."

ప్రశ్నల మధ్య కూడా వివక్ష ఉండకూడదని అన్నిటికీ ఒకటే సమాధానం రాశారు. మూడో ప్రశ్న లిఫ్టు గురించి. "అన్ని కోణాలనూ..." అని మొదలై, "కలుపుకుని" దగ్గర ఆగి, "కలుపుకుని... కలుపు..." అంటూ మెల్లగా సన్నగిల్లింది. నాలుగో ప్రశ్నకి జవాబు రాలేదు. గాలి హాయిగా వీస్తోంది. మంచి పరుపు. మంచి దిండు. చీకటి.

కాసేపటికి మంచం మీద నుంచి గురక వినిపించింది.

"ఎవరిది?" అన్నారు పేరిశాస్త్రి గారు గాభరాగా.

"ఇంకెవరిది, నాయుడు గారిది!" అన్నారు సత్యవేణి గారు చీకట్లో లేచి. "ఒకరి గొంతే వినపడుతోంది, రాసుకోండి! మా ఆయన గురక పెట్టరు. అలవాటు లేకపోవడం మా తప్పా?"

సంఘం అత్యవసరంగా గోడ వారన సమావేశమైంది. ఈలోగా భగవంతుడే కలగజేసుకున్నాడు. గున్నేశ్వరరావు గారి ముక్కులోంచి సన్నటి ఈల మొదలైంది. నాయుడు గారి గురక ఆగినప్పుడల్లా ఆ ఈల, ఈల ఆగినప్పుడల్లా గురక. ఒకరి మాటకి ఒకరు అడ్డు రాకుండా, ఎవరి సమయం వాళ్లు వాడుకుంటూ. కామరాజు గారు చీకట్లో మెరిసే ముళ్ల వాచీ చూసి నమ్మలేనట్టుగా గుసగుసలాడారు. "సమానం సార్. క్షణం తేడా లేదు."

పేరిశాస్త్రి గారు వణుకుతున్న గొంతుతో ప్రకటించారు. "సోదర సోదరీమణులారా! దూషణ లేదు. అంతరాయం లేదు. ఆధిక్యం లేదు. మీరిప్పుడు చూసినది పరిపూర్ణ చర్చ."

"అంతా బాగానే ఉందండీ," అన్నారు సత్యవేణి గారు. "కానీ ఎవరికి ఓటెయ్యాలో తెలియడం లేదు."

"అదేనమ్మా మా విజయం."

అందరూ లేవబోయారు. నేను ముందే లేచాను. "సర్, అయితే ఓటింగు ఎప్పుడు?" ఆ ప్రశ్నలో మా మంచం ఉంది, పరుపుంది, రెండు దిళ్లున్నాయి, పిన్ని ఇచ్చిన దుప్పటి ఉంది.

పేరిశాస్త్రి గారు గురకా ఈలా ఇంకో విడత విన్నారు. తరువాత నెమ్మదిగా అన్నారు. "ఓటింగు పెడితే ఏమవుతుంది? ఒకరికి ఎక్కువ ఓట్లు వస్తాయి. మరొకరికి తక్కువ. ఇంత కష్టపడి నుదుటికి నుదురు సరిచేసి, చివర్లో మనమే ఒకర్ని కింద పడేస్తామా? సంఘం అందుకు అంగీకరించదు. ఎన్నికను శాశ్వతంగా రద్దు చేస్తున్నాం. దానికి బదులు ప్రతి ఆదివారం ఈ చర్చే జరుగుతుంది."

"మరి మంచం?"

"శాశ్వత వేదిక. ఇక్కడే ఉంటుంది."

"అనుమతి ఇస్తే మా ఇంటికి తీసుకెళ్తాం సర్."

"అనుమతి ఇచ్చేది అధ్యక్షుడు. అధ్యక్షుడు ఉండడు." చాలా దయగా చెప్పారు. చప్పట్లు పడ్డాయి. ఉదయ్ కొట్టలేదు. నేను కొట్టలేదు. మా అంతస్తు కోటా ఆ పూట తగ్గింది.

నేను వెళ్లి మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాను. ఉదయ్ కూడా వచ్చి కూర్చున్నాడు. "చాప అలవాటైపోయిందిలే," అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు అతని గొంతు చాలా మంచిగా ఉంటుంది. నా కళ్లు నిండాయి. ముక్కు మీద కూడా ఏదో తడిగా తగిలింది. అది కన్నీరు కాదు. చినుకు. వెంటనే ఇంకోటి పడింది.

"వాన!" అని ఎవరో అరిచారు.

లైట్లు వేశారు. జనం మెట్ల వైపు తోసుకున్నారు. అభ్యర్థులిద్దరూ ఒకేసారి కళ్లు తెరిచి, ఒకేసారి "తగిన చర్య తీసుకుంటాను" అని లేచి కూర్చున్నారు. పేరిశాస్త్రి గారు మంచం చుట్టూ ప్రదక్షిణ చేస్తూ, "వేదిక తడుస్తోంది! టేకు ఉబ్బుతుంది! సమతలం పోతుంది!" అని అంగలారుస్తున్నారు. కామరాజు గారు రసమట్టాన్ని చొక్కాలో దాచుకున్నారు.

"దించండి! కిందికి దించండి!" అన్నారు పేరిశాస్త్రి గారు.

అప్పుడు నాకు గోడ మీది ఫ్రేము కళ్ల ముందు కదిలింది.

"సర్, ఒక సందేహం," అన్నాను వానలో. "కింది నుంచి పైకి వెళ్లే సామానుకి సంతకం కావాలి. పై నుంచి కిందికి దిగేదానికి?"

"దిగేదాని గురించి నియమావళి మౌనంగా ఉన్నది."

"ఎంత దూరం దించాలనేది?"

వాన పెద్దదైంది. ఆయన కళ్లజోడు మీద నీళ్లు కారుతున్నాయి. పాతికేళ్ల సర్వీసులో ఎవరూ ఆయన్ని అంత సూటిగా అడిగి ఉండరు.

"దాని గురించి కూడా... మౌనమే," అన్నారు.

"ఉదయ్, పట్టు!" అన్నాను.

నాయుడు గారు తలవైపు ఒక కోడు పట్టారు, గున్నేశ్వరరావు గారు రెండోది. కాళ్లవైపు ఉదయ్, నేను. విప్పడానికి వ్యవధి లేదు. మలుపు దగ్గర మంచం ఇరుక్కుంది. నాయుడు గారు "ఓలమ్మ, ఇటు ఒంచండర్రా!" అని ఒక్క తోపు తోశారు. గోడ రంగు పొడుగునా గీసుకుపోయింది. ఎవరూ చూడనట్టు నటించారు. ఒక్క అంతస్తు దిగాం. మా తలుపు తెరిచే ఉంది. గదిలోకి తీసుకెళ్లి కిటికీ పక్కన దించాం. విప్పని ప్లాస్టిక్ కవరు పుణ్యమా అని పరుపు ఒక మూల మాత్రమే తడిసింది. దాన్ని కాళ్లవైపు తిప్పేశాం.

అందరూ వెళ్లిపోయాక తలుపేసి, తడిసిన దుప్పటి తీసి వేరేది వేసి, ఇద్దరం చెరో పక్కా పడుకున్నాం. కిర్రుమనలేదు. పడుకుని చూస్తే కిటికీలో సముద్రం ఇంకొంచెం వెడల్పుగా కనిపిస్తుందని అప్పుడే, ఒక మెరుపు వెలుగులో, తెలిసింది. "అలలు ఎక్కువగా ఉన్నాయి," అన్నాను. "చాలా," అన్నాడు ఉదయ్.

తలుపు చప్పుడైంది.

తీసి చూస్తే పేరిశాస్త్రి గారు. వెనక నాయుడు గారు, గున్నేశ్వరరావు గారు పొడి లుంగీల్లో, ఈసారి ఎవరి సొంత దిండు వాళ్లు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ల వెనక సత్యవేణి గారు, కామరాజు గారు, మెట్ల మీద దాదాపు అపార్ట్‌మెంటంతా.

"అమ్మా," అన్నారు పేరిశాస్త్రి గారు. "సంఘం తీర్మానించింది. వేదిక ఎక్కడుంటే చర్చ అక్కడే. వాన వల్ల సగంలో ఆగిన చర్చ కొనసాగాలి."

"ఇన్నేళ్లలో నాకలాంటి నిద్ర పట్టలేదమ్మా," అన్నారు గున్నేశ్వరరావు గారు ఆశగా.

"నాకూనమ్మా," అన్నారు నాయుడు గారు. ఇద్దరూ ఒకే అభిప్రాయంతో ఉండగా చూడడం అదే మొదటిసారి.

నేను తలుపుని జానెడు మాత్రం ఉంచి అడ్డం నిలబడ్డాను.

"క్షమించాలి సర్. వేదిక మీద ఇప్పటికే ఒక చర్చ జరుగుతోంది."

"ఎవరెవరికి మధ్య?"

"మా ఆయనకీ నాకూ సర్."

పేరిశాస్త్రి గారు నిటారుగా అయ్యారు. జరుగుతున్న చర్చకు అంతరాయం కలిగించడం ఆయన రక్తంలో లేదు. గొంతు తగ్గించి అడిగారు. "అంశం?"

"కిటికీ పక్క ఎవరు పడుకోవాలని."

"అభ్యర్థులిద్దరికీ సమాన అవకాశం ఉందా?"

"నేనిక్కడ ఉన్నాను సర్. ఆయన అక్కడ ఆ పక్క ఆక్రమించేస్తున్నారు."

"అన్యాయం!" అన్నారు సత్యవేణి గారు వెనక నుంచి. "వెళ్లమ్మా, వెళ్లు! ఇక్కడ నిలబడతావేంటి?"

"ఎంతసేపు పట్టవచ్చు?" అన్నారు పేరిశాస్త్రి గారు.

"ఇప్పుడే మొదలైంది సర్," అని తలుపేసి, గడియ పెట్టి, నా వాదన వినిపించడానికి వెళ్లాను.